కృప, విశ్వాసం, సత్క్రియలు: క్రైస్తవ రక్షణ సిద్ధాంతం

పరిచయం

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో మీరు ధారూరు చూసే ఉంటారు. అక్కడ ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. వేలాది మంది గుడారాలు వేసుకుని ఉండి ప్రార్థిస్తారు, కానుకలు సమర్పిస్తారు. అది చూసినవారికి ఒక సందేహం కలుగుతుంది. కానుక ఇచ్చినందుకు దేవుడు రక్షణ ఇస్తాడా? అలాగైతే కానుక ఇవ్వలేని కూలీ సంగతేమిటి? ఈ ప్రశ్నకు క్రైస్తవ బోధ ఇచ్చే సమాధానాన్ని ఈ భాగంలో తెలుసుకుందాం.

మూల పదాలు

రక్షణ అంటే పాపం నుంచి విడుదల పొంది దేవునితో సమాధానపడటం. కృప అంటే అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు ఉచితంగా చూపే దయ. ఆ దయను నమ్మి స్వీకరించడమే విశ్వాసం.

పౌలు, యాకోబు

ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలోని 8, 9 వచనాల ప్రకారం రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా కలుగుతుంది. అది క్రియల ఫలితం కాదు కనుక ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి వీలులేదు. అయితే మీరు అక్కడితో ఆగకండి. విశ్వాసులు సత్క్రియల కోసమే సృష్టించబడ్డారని 10వ వచనం చెబుతుంది. యాకోబు పత్రిక 2వ అధ్యాయం క్రియలు లేని విశ్వాసం మృతమంటుంది. తిండి, బట్ట లేనివారిని మంచి మాటలతో సాగనంపితే ఏం ప్రయోజనమని అడుగుతుంది.

ఇవి పరస్పర విరుద్ధాలా? రక్షణ ఎలా లభిస్తుందో పౌలు చెబుతున్నాడు. నిజమైన విశ్వాసాన్ని ఎలా గుర్తించాలో యాకోబు చెబుతున్నాడు. తాండూరు కంది చేనునే తీసుకోండి. కాయలు కాసినందువల్ల మొక్కకు ప్రాణం రాదు. ప్రాణమున్న మొక్కే కాస్తుంది.

వివాదం, సయోధ్య

16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని బోధించాడు. కృపే ముందని అంగీకరిస్తూనే, మనిషి సహకారం కూడా అవసరమని ట్రెంట్ మహాసభ 1547లో ప్రకటించింది. 1999 అక్టోబరు 31న కేథలిక్కులు, లూథరన్లు ఈ అంశంపై ఉమ్మడి ప్రకటన చేశారు. 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి అందులో చేరింది.

వెస్లీ బోధ

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ (1703–1791) కృప మూడు విధాలుగా పనిచేస్తుందన్నాడు:

1. మనిషి అడగకముందే అతణ్ణి మేల్కొలిపే కృప.
2. క్షమించి నీతిమంతునిగా తీర్చే కృప.
3. జీవితాన్ని పరిశుద్ధపరచే కృప.

1743లో తన సంఘాలకు కీడు చేయవద్దని, మేలు చేయమని, ఆరాధన విడవవద్దని నియమాలు పెట్టాడు. వికారాబాద్‌లో మెథడిస్టు మిషనరీలు బడులు నడిపిన నేపథ్యంలో ఈ బోధ ఉంది.

సారాంశం

జాతరలో సమర్పించే కానుక ఈ బోధ ప్రకారం రక్షణకు చెల్లించే వెల కాదు. అందిన కృపకు కృతజ్ఞత. కాబట్టి ఖాళీ చేతులతో వచ్చిన కూలీకీ, బస్తాలతో వచ్చిన రైతుకూ తేడా లేదు. కానీ పక్క గుడారంలో ఆకలితో ఉన్నవాణ్ణి పట్టించుకోని భక్తిని మాత్రం యాకోబు ఒప్పుకోడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పౌలు, యాకోబుల బోధలను ఎలా సమన్వయం చేయవచ్చు? పది వాక్యాల్లో రాయండి.