షిఫ్టు దిగాక కెమెరా

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌ను లోకం చాలాకాలం కంపెనీ కళ్లతోనే చూసింది. సరదా ఫోటోగ్రాఫర్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, సంతాలీ పాటల దర్శకులు దానికి మరో ముఖం ఉందని చూపించారు. ఆ ముఖాన్ని భద్రపరిచే వారే కరువయ్యారు

జంషెడ్‌పూర్‌లో సరదాలకు కూడా షిఫ్టులుంటాయి. ఉదయం ఆరింటికి కర్మాగారంలో అడుగుపెట్టినవారు మధ్యాహ్నం రెండింటికి బయటపడతారు. భోంచేశాక కునుకు తీయాలన్న కోరికను చంపుకోగలిగితే పొద్దుగుంకేదాకా మూడు నాలుగు గంటల వెలుతురు చేతిలో ఉన్నట్టే. ఈ ఊళ్లో సరదాకు ఫోటోలు తీసేవారి అసలు పెట్టుబడి అదే. రెండో షిఫ్టు వారికి పొద్దుటి పొగమంచు దక్కుతుంది. రాత్రి షిఫ్టు వారు మాత్రం నిద్ర అమ్ముకుని వెలుతురు కొనుక్కోవాలి.

సంచీ భుజాన తగిలించుకుని బండెక్కితే దృశ్యాలకు కొదవలేదు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ, డిమ్నా చెరువు, ఏనుగులకు పేరుపడ్డ దల్మా కొండలు అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. టాటా స్టీల్ స్వర్ణోత్సవాల గుర్తుగా 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కు ఏటా మార్చి 3న, జంషెడ్జీ టాటా జయంతికి, దీపాలతో వెలిగిపోతుంది. ఆ రాత్రి ట్రైపాడ్ నిలబెట్టడానికి జానెడు చోటు దొరకడమే ఓ సాహసం. దీపాల కాంతి సరిగ్గా పడాలంటే షట్టర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి. సరిగ్గా ఆ క్షణంలోనే ఎవరిదో మోచేయి తగులుతుంది. బొమ్మ చెదిరిపోతుంది. మళ్లీ మొదలు.

ఇవన్నీ చిన్న సాహసాలే. అయితే వాటి వెనక ఓ పెద్ద ప్రశ్న ఉంది. ఒక ఊరి బొమ్మను గీసే హక్కు ఎవరిది?

కంపెనీ చూపించిన ఊరు

జంషెడ్‌పూర్‌కు బొమ్మల కరువు ఎప్పుడూ లేదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ చేతుల మీదుగా సాక్చి గ్రామం జంషెడ్‌పూర్‌గా, కాళీమాటి స్టేషన్ టాటానగర్‌గా మారాయి. ఆ తర్వాత కెమెరాలు వెతుక్కుంటూ వచ్చాయి. ప్రఖ్యాత స్విస్ ఫోటోగ్రాఫర్ వెర్నర్ బిషోఫ్ 1951లో ఇక్కడి కొలిమిని, కార్మికులను చిత్రించారు. 1950లలోనే హరిసాధన్ దాస్‌గుప్తా టాటా స్టీల్ కథను డాక్యుమెంటరీగా తీశారు. దానికి రచన సత్యజిత్ రాయ్, కెమెరా క్లాడ్ రెన్వా, సంగీతం రవిశంకర్. ఓ కంపెనీ చిత్రానికి అంతకన్నా గొప్ప బృందం కుదరడం కష్టం.

అవి మంచి బొమ్మలే. కాకపోతే ఎర్రగా కాలే లోహం, ఎత్తయిన పొగగొట్టాలు, చెమటతో మెరిసే శరీరాల దగ్గరే ఆ చూపు ఎక్కువగా ఆగింది. కర్మాగారం గోడ అవతల బస్తీలో పెళ్లెలా జరుగుతుంది, ఆ నేల మీద అంతకుముందే ఉన్న సంతాల్, హో ప్రజలు సంక్రాంతికి ఏ పాట పాడుకుంటారు అన్నవి చాలావరకూ చట్రం బయటే ఉండిపోయాయి.

ముంబై సినిమా కూడా ఈ ఊరిని ఆలస్యంగానే పట్టించుకుంది. ఇక్కడే పుట్టిన ఇంతియాజ్ అలీ సినిమాలు తీయడానికి ముంబై వెళ్లారు. విక్రమాదిత్య మోత్వానీ 'ఉడాన్' (2010) ఇక్కడి వీధుల్లోనే చిత్రీకరణ జరుపుకుని కాన్ దాకా వెళ్లింది. షూటింగ్ అయ్యాక యూనిట్ సర్దుకుని వెళ్లిపోతుంది. ఊళ్లో మిగిలేది వీధి చివర స్టూడియో నడిపే వ్యక్తి ఒక్కడే.

ఊరేగింపులో వెనక్కి నడిచేవాడు

పెళ్లి ఊరేగింపులో అందరూ ముందుకు నడుస్తారు. వెనక్కి నడిచేది వీడియో తీసేవాడొక్కడే. భుజాన బరువైన వీహెచ్ఎస్ కెమెరా, పక్కన హాలోజన్ దీపం ఎత్తిపట్టిన కుర్రాడు, వెనక పాములా ఈడ్చుకొచ్చే కరెంటు తీగ. 1990లలో పెళ్లి వీడియో అంటే ఇదే దృశ్యం, టాటానగర్‌లోనైనా తుని దగ్గరైనా. ఆ తర్వాత మిక్సింగ్ గదిలో మాయ మొదలయ్యేది. వధువు ముఖం గులాబీలోంచి విచ్చుకునేది, వరుడు గుండె ఆకారంలో చిక్కుకునేవాడు, జన్మలో కాశ్మీరు చూడని జంట వెనక మంచుకొండలు లేచేవి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ వలస కుటుంబాలకు ఆ క్యాసెట్ విలువ వేరు. ఉక్కు కర్మాగారం, రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారు తరతరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. సెలవు దొరక్క, రైలు ఖర్చు భరించలేక సొంతూరి వారు పెళ్లికి రాలేకపోతే క్యాసెట్టే వారి దగ్గరికి ప్రయాణం కట్టేది. శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మ మనవరాలి తలంబ్రాలను చూసేది టీవీలోనే. అందుకే వీడియో తీసేవాడు హారం కన్నా ముందు బంధువుల ముఖాలను పట్టుకోవాలి. ఎవరు కనిపించకపోయినా మాట పడేది అతనికే.

ఈ వృత్తి ఓ బడి కూడా. మసక వెలుతురులో ఫోకస్ పట్టడం, ఒక్కసారే జరిగే ఘట్టాన్ని జారవిడవకపోవడం, ఆరు గంటల టేపును రెండు గంటలకు కుదించడం అక్కడే వంటబడతాయి. ఇక తెలుగునాట ఆషాఢం, మూఢం ఎలాగో హిందీ ప్రాంతంలో ఖర్‌మాస్ అలాగ. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు. కెమెరా ఖాళీ, చేతిలో కాస్త డబ్బు, ముందు టుసు పండుగ. సొంత పాట తీయాలన్న కోరిక పురుగులా తొలిచేది ఆ రోజుల్లోనే.

ఒక్క రోజులో ఒక పాట

అలాంటి కోరికలకు సంతాలీ భాష పెద్ద ఆసరా అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సంతాలీ మాట్లాడేవారు 73 లక్షలకు పైనే. 1925లో పండిత్ రఘునాథ్ ముర్ము ఆ భాషకు ఓల్ చికి లిపిని రూపొందించారు. 2000 నవంబర్ 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో చేసిన 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌కెక్కింది. తొలి సంతాలీ చలనచిత్రంగా పేరు పొందిన 'చందో లిఖన్' 2001లో వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చవక వీసీడీ ప్లేయర్లు పల్లెలకు చేరాయి. భాషకు గుర్తింపు, చేతికి అందే కెమెరా, ఇంట్లో ప్లేయర్. మూడూ ఒకేసారి కలిసొచ్చాయి.

ఫలితంగా జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ కలిసే ఆ మూలలో ఓ బుల్లి చిత్రసీమ పుట్టుకొచ్చింది. పాటల ఆల్బమ్‌లు, రెండు మూడు డిస్కుల్లో సర్దిన సినిమాలు వారపు సంతల్లో గాజులు, చేపల వలల పక్కనే అమ్ముడయ్యాయి. ఒక్కో వీసీడీలో 74 నిమిషాల బొమ్మే పట్టేది. కాబట్టి కథ మలుపు తిరిగేచోట డిస్కు కూడా మార్చాలి.

ఇలాంటి పాట తీయడంలో గ్లామర్ కన్నా గాభరా ఎక్కువ. అద్దెకు తెచ్చిన కెమెరా సాయంత్రానికి తిరిగిచ్చేయాలి. ఘాట్‌శిలా దగ్గర బురుడీ చెరువు గట్టుకు తెల్లవారేసరికి చేరాలి. పంఛీ-పర్హాన్ కట్టుకున్న అమ్మాయిలు చెట్టు చాటున తయారవుతారు. లౌడ్ స్పీకర్లో పాట మోగుతుంటే పెదవులు కలపాలి. రిఫ్లెక్టర్ లేకపోతే తెల్లటి థర్మోకోల్ అట్ట, గొడుగు లేకపోతే గంఛా. మధ్యలో మేకలు అడ్డొస్తాయి, మబ్బు పడుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. కథానాయకుడే లైట్లు మోస్తాడు, దర్శకుడే టీ తెస్తాడు.

దేశంలో ఇలాంటి పిచ్చికి పెట్టింది పేరు మహారాష్ట్రలోని మాలేగావ్. మరమగ్గాల ఆ పట్టణంలో వీడియో పార్లర్ నడిపిన షేక్ నాసిర్ 2000లో 'మాలేగావ్ కే షోలే' తీశారు. ఫైజా అహ్మద్ ఖాన్ డాక్యుమెంటరీ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' (2008), రీమా కాగ్తీ సినిమా 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' (2025) వారిని ప్రపంచానికి పరిచయం చేశాయి. అక్కడివారు బొంబాయి సినిమాను తమ యాసలోకి దించుకుని నవ్వుకున్నారు. సంతాలీ కుర్రాళ్ల పని అంతకన్నా మౌలికం. తెరమీద తమ భాష వినిపించడమే వారికి మొదటి విజయం. డజన్ల కొద్దీ చానళ్ల మధ్య పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఆ ఆకలి ఊహకందడం కష్టం.

గని అంచున కెమెరా

అన్ని సాహసాలూ చెరువు గట్టున ముగియవు. జంషెడ్‌పూర్‌కు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో జాదూగోడా ఉంది. అక్కడ 1960లలో మొదలైన యురేనియం గని దేశంలోనే మొట్టమొదటిది. అక్కడి ముడిపదార్థం హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి (ఎన్‌ఎఫ్‌సీ) వస్తుంది. రాంచీకి చెందిన శ్రీప్రకాశ్ ఆ ఊరి ప్రజల ఆరోగ్య సమస్యలపై 1999లో 'బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడా' డాక్యుమెంటరీ తీశారు. టోక్యోలో జరిగే ఎర్త్ విజన్ పర్యావరణ చిత్రోత్సవంలో దానికి 2000లో అత్యున్నత బహుమతి దక్కింది. రాంచీలోనే 'అఖ్‌డా' సంస్థ నడిపే మేఘనాథ్, బీజూ టోప్పో స్పాంజ్ ఐరన్ కాలుష్యంపై తీసిన 'లోహా గరం హై' 2010 సంవత్సరానికి జాతీయ అవార్డు అందుకుంది.

వీరు సినిమానే జీవితంగా ఎంచుకున్నవారు. ఆశిష్ బిరూలీ దారి వేరు. జాదూగోడాకే చెందిన ఈ హో యువకుడు గని వ్యర్థాల చెరువు చుట్టూ సాగే బతుకులను ఏళ్ల తరబడి ఫోటోలు తీశారు. వైకల్యంతో పుట్టిన పిల్లలు, వారిని ఎత్తుకుని తిరిగే తల్లులు, ముళ్లకంచె పక్కనే మేసే పశువులు ఆయన బొమ్మల్లో కనిపిస్తారు. ఆ జబ్బులకు రేడియేషన్ కారణం కాదని గనిని నడిపే యురేనియం కార్పొరేషన్ వాదిస్తూ వచ్చింది. శాస్త్రీయ వివాదాన్ని ఫోటో తేల్చలేదు. కానీ వివాదమంటూ ఒకటుందని మరిచిపోనివ్వదు. అదే కార్పొరేషన్ గని కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ ఉంది కాబట్టి ఇది తెలుగువారికి పరాయి కథ కాదు.

బయటివారు తీసిన బొమ్మకు, ఊరివాడు తీసిన బొమ్మకు తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. బయటి ఫోటోగ్రాఫర్ సాయంత్రం రైలెక్కేస్తాడు. ఊరివాడు మర్నాడు అదే తల్లికి బావి దగ్గర ఎదురుపడాలి. ఏ బొమ్మ తీయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏది తీయకూడదో ఆ ఎదురుపాటే నేర్పుతుంది.

దాచేదెవరు?

వీసీడీల యుగం ముగిసింది. 2008లో వీడియో తీసే డీఎస్ఎల్ఆర్ కెమెరాలు వచ్చాయి. 2016లో జియోతో డేటా చవకైంది. సంతలో డిస్కు అమ్ముడుపోయే రోజులు పోయి పాటలు యూట్యూబ్‌కెక్కాయి. పంపిణీదారు బెడద తప్పింది, పైరసీ భయం తగ్గింది. రాబడి మాత్రం ఖాయం కాలేదు. ప్రకటనల ఆదాయంలో వాటా అడగాలంటే 2018 నుంచీ వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. చిన్న భాషలో పాట తీసేవారికి అది చిన్న కొండ కాదు. పెళ్లిళ్ల సంపాదనే ఇప్పటికీ పాటల సరదాను పోషిస్తోంది.

అసలు ప్రమాదం డబ్బు కాదు, మరుపు. వీహెచ్ఎస్ టేపుకు తేమ తగిలితే బూజు పడుతుంది. ఇంట్లో రాసిన సీడీ పొర కొన్నేళ్లకే వెలిసిపోతుంది. మినీ డీవీ టేపు ఖరీదని దాని మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. హార్డ్ డిస్క్ చెప్పకుండా పోతుంది. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి పోతే చానల్ కూడా అనాథే.

కంపెనీ చరిత్రకు ఆ బెంగ లేదు. టాటా స్టీల్‌కు జంషెడ్‌పూర్‌లోనే సొంత పత్రభాండాగారం ఉంది. ఆదివాసీల కోసం 2014లో 'సంవాద్' సమ్మేళనం మొదలుపెట్టిన ఆ సంస్థ ఆదివాసీ అంశాల మీద లఘుచిత్రాల పోటీలు కూడా జరుపుతోంది. అది మంచిదే. కానీ బహుమతి వచ్చిన చిత్రం ఎలాగూ నిలుస్తుంది. ప్రమాదంలో ఉన్నవి బహుమతికి వెళ్లనివి. బస్తీ పెళ్లిళ్లు, ఎవరూ జాబితా వేయని ఆల్బమ్‌లు, షిఫ్టు దిగి తీసిన నది బొమ్మలు. ఊళ్లోని కళాశాలలు, ఫిల్మ్ సొసైటీలు, కుల సంఘాలు తలుచుకుంటే అసాధ్యమేమీ కాదు. ఓ స్కానర్, పాత వీసీఆర్, రెండు హార్డ్ డిస్కులు, ఎవరు ఎప్పుడు ఎక్కడ తీశారో రాసి పెట్టే ఓపిక ఉంటే చాలు.

ఈ విషయంలో పాఠం చెప్పే అర్హత తెలుగువారికీ లేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు మనకు మిగల్లేదు. దాని కథను ఇప్పుడు పాత పత్రికల్లో వెతుక్కుంటున్నాం. సంతాలీ సినిమా వయసు పాతికేళ్లే. తీసినవారు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు, టేపులు ఇంకా అటకల మీదే ఉన్నాయి. బూజు మాత్రం షిఫ్టు దిగదు.