పుప్పొడి పడిశము - విమానచోదకుడు

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. అంతకు పూర్వము చిత్తూరు మండలమునుండి వలసవచ్చిన తెలుగు కార్మికులు, తమిళ సోదరులతో గూడి, చాంపియన్ రీఫ్ గనిలో అంచెలంచెలుగా 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగుచుండిరి. అంత లోతున గాలి యొత్తిడి నేలమీదికంటె మూడవ వంతునకు పైగా హెచ్చు. ముక్కు బిగిసినవాని చెవులకు అట్టి దిగుడు బాధాకరము. సొంతముగ చిన్న విమానమును నడుపువానికిని ఇదే చిక్కు కలదు. అతడు ఆకాశమునుండి నేలకు దిగుననుటయే భేదము.

ఈ చిక్కును పెంచు మొక్క యొకటి ఈ సీమలో విరివిగా నున్నది. అదియే వయ్యారిభామ, కన్నడిగులు దీనిని కాంగ్రెసు గడ్డి యందురు. దీని జన్మస్థానము అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు. 1956లో పూనాలో దీని యునికి వెల్లడియైనది. పిమ్మట బెంగుళూరు, కోలారు ప్రాంతముల బీళ్లను ఆక్రమించినది. దీనిని తినెడి మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరున విడిచిరి గాని, మొక్క నశింపలేదు. వానలు కురిసిన కొలది వారములకే ఇది పూచును. ఈ పుప్పొడి సరిపడనివారికి తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద కలుగును.

నేలమీద ఇది చిరాకు మాత్రమే, ఆకాశమున అపాయము. నడిచెవిని గొంతుతో కలుపు సన్నని నాళము పడిశము వలన వాచి మూసికొనును. పైకెక్కునపుడు చెవిలోని గాలి సులభముగ వెలికి వచ్చును. దిగునపుడు వెలిగాలి లోనికి పోజాలదు. 8,000 అడుగుల ఎత్తునుండి, సుమారు 3,000 అడుగుల ఎత్తుననున్న జక్కూరు మైదానమునకు దిగునంతలో ఒత్తిడి ఐదవ వంతు పెరుగును. కర్ణభేరి లోనికి లాగబడి, నొప్పి, తలత్రిప్పు కలుగవచ్చును. విమానమును నేలకు దించు ఘడియలోనే ఈ బాధ తీవ్రమగును.

మాత్ర మ్రింగి బయలుదేరుట పరిష్కారము కాదు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు నిద్రమత్తు కలిగించును. మత్తు తనకు తెలియకున్నను చురుకుదనము తగ్గును. అమెరికా విమానయాన శాఖ ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ మందులను అంగీకరించి, సెటిరిజిన్‌ను అంగీకరింపలేదు. ఏ మందునైనను విమానచోదకులను పరీక్షించు వైద్యుని అనుమతితో, మొదట నేలమీదనే వాడి చూడవలెను. ముక్కులో చిమ్ముకొను స్టెరాయిడు మందు పూర్తిగా పనిచేయుటకు కొన్ని దినములు పట్టును. కావున పూత కాలమునకు ముందే ఆరంభించుట మేలు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కును కడుగుట, ఇంటి చెంత వయ్యారిభామను పూతకు ముందే చేతొడుగులతో పెరికించుట ఉపయోగకరము.

లైసెన్సు పోవునను భయమున పడిశమును దాచుట తగదు. ముక్కు మూసికొని మెల్లగ ఊదినపుడు చెవులు తెరచుకొనని దినమున విమానము నేలమీదనే యుండవలెను. ఒకనాటి విహారము మానినచో నష్టము స్వల్పము. మానక పోయినచో వెంటనున్నవారి ప్రాణములకే ముప్పు.