కార్లు వచ్చాయి, వాన రావాలి
పరిశ్రమలు, పండ్ల తోటలతో అనంతపురం కొత్త ముఖం చూపుతోంది. మెట్ట రైతుకు మాత్రం ఇప్పటికీ ఆకాశమే దిక్కు

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ ప్రాంతానికి రాగానే ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం కనిపిస్తుంది. ఏటా 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యంతో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో మొదలైన ఈ కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. రహదారి దిగి పల్లెల వైపు మళ్లితే దృశ్యం మారిపోతుంది. దుక్కులు చేసుకుని, విత్తనకాయలు ఒలిచి పెట్టుకుని, పదును వాన కోసం మబ్బు వంక చూసే రైతులు ఎదురవుతారు. కర్మాగారానికి నీళ్లు పైపుల్లో వస్తాయి. చేనుకు మాత్రం పైనుంచే రావాలి.

2022 ఏప్రిల్‌లో ఈ జిల్లాను అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడదీశారు. కానీ ఈ నేల మీద అంతకన్నా లోతైన గీత ఇంకొకటుంది. నీరందే ఊళ్లకూ, అందని ఊళ్లకూ నడుమ ఉన్న గీత అది.

కొండల చాటు నేల

1882లో బళ్లారి నుంచి వేరుపడి ఏర్పడిన ఉమ్మడి అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. కేరళలో దాదాపు సగం. 2011 లెక్కల ప్రకారం జనాభా 40.8 లక్షలు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ముందే పిండేస్తాయి. బంగాళాఖాతంలో పుట్టే ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. పెన్నా, చిత్రావతి, వేదవతి నదులున్నా ఏడాదిలో ఎక్కువ కాలం వాటిలో కనిపించేది ఇసుకే.

అయితే వాన తక్కువ కావడం కన్నా, అది ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే అసలు సమస్య. విత్తనానికి పదును దొరికి, ఊడలు దిగే వేళకు నెల రోజులు బెట్ట వస్తే ఏడాది సగటు లెక్క బాగానే ఉంటుంది. ఇంటికి మాత్రం గింజ రాదు.

ఒకే పంట మీద బతుకు

ఒకప్పుడు ఇక్కడి చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ కలిసి పండేవి. వాటిని వేరుశనగ తోసేసింది. తిండి గింజలకన్నా అది చేతికి డబ్బు తెచ్చే పంట. కాయ రాకపోయినా కట్టె పశువులకు మేతవుతుంది. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ చేపట్టాక మరింత ఊపు వచ్చింది. ఉచ్ఛదశలో జిల్లాలో వేరుశనగ 8 లక్షల హెక్టార్లకు పైగా, అంటే దాదాపు 20 లక్షల ఎకరాల్లో విస్తరించింది.

ఒకే పంటను నమ్ముకున్న చోట దెబ్బ కూడా ఒక్కసారిగా తగులుతుంది. 1990ల మధ్య నుంచి పామాయిల్ దిగుమతులకు తలుపులు తెరవడంతో ధరకు భరోసా పోయింది. 2000లో కాండం కుళ్లు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పైరును కాటేసింది. నష్టం రూ.300 కోట్లు దాటింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడి ద్వారా, తామర పురుగుల సాయంతో ఆ వైరస్ పాకిందని శాస్త్రవేత్తలు తేల్చారు.

వరుస కరవులకు బోర్ల అప్పులు తోడయ్యాయి. ఒక బోరు అప్పు తీరకముందే అది ఎండిపోవడం, ఇంకా లోతుకు మరో బోరు వేయడం రైతులకు మామూలైపోయింది. రైతు ఆత్మహత్యలతో జిల్లా పేరు దేశమంతా తెలిసింది. బెంగళూరుకూ, కేరళకూ వలసలు సాగాయి. జాతీయ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభించడం యాదృచ్ఛికం కాదు.

కాలువ తెచ్చిన మార్పు

జిల్లాకు పాత ఆధారం తుంగభద్ర ఎగువ కాలువ. ఆ జలాశయం 133 టీఎంసీలతో మొదలై, పూడిక వల్ల 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. అందుకే ఆశలన్నీ హంద్రీ-నీవా మీదికి మళ్లాయి. మల్యాల వద్ద శ్రీశైలం వెనుక జలాలను తోడి, అంచెలంచెలుగా పంపులతో ఎత్తిపోసే ఈ పథకం ద్వారా కృష్ణా నీరు 2012లో జీడిపల్లి జలాశయానికి, 2016లో గొల్లపల్లి జలాశయానికి చేరింది. కియాకు దాహం తీర్చేది ఈ గొల్లపల్లే.

చెరువులు నిండిన చోట బోర్లకు ఊపిరి వచ్చింది. చీనీ, దానిమ్మ, అరటి తోటలు లేచాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి గెలల కోసమే ప్రత్యేక రైలు ముంబయి రేవుకు కదిలింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరింది. వేరుశనగ విస్తీర్ణం సగానికన్నా కిందికి దిగింది. కంది, పత్తి, ఆముదం ఆ చోటును పంచుకున్నాయి.

అయితే తోట వేయాలంటే ముందు నీరు, పెట్టుబడి ఉండాలి. చీనీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. ఆలోగా బోరు ఎండితే ట్యాంకర్లతో చెట్లను బతికించుకోవాలి. చిన్న రైతుకు ఆ స్తోమత ఎక్కడిది?

ఆరో వంతుకే

లెక్క సూటిగానే ఉంది. హంద్రీ-నీవా కింద ఉమ్మడి జిల్లాకు ఉద్దేశించిన ఆయకట్టు 3.45 లక్షల ఎకరాలు. ఒకనాటి వేరుశనగ విస్తీర్ణంలో ఇది ఆరో వంతు. పిల్ల కాలువలన్నీ పూర్తయి, ప్రతి చుక్కా అనుకున్నట్టే పారినా, అంచెలంచెలుగా నీటిని ఎత్తిపోసే కరెంటు ఖర్చును ప్రభుత్వం ఏటా భరించినా, అందేది అంతే.

మిగిలిన మెట్టకు కావలసింది మరో రకం ప్రణాళిక. 2016 ఖరీఫ్‌లో ఎండుతున్న వేరుశనగను ప్రభుత్వం రెయిన్‌గన్లతో కాపాడబోయింది. గన్ను పేలాలన్నా దగ్గర్లో కుంట నిండి ఉండాలన్న పాఠం అప్పుడే తేలింది. పంటకుంటలు, బెట్ట వేళ ఒకటి రెండు రక్షక తడులు, కందితోనూ చిరుధాన్యాలతోనూ కలగలిపి వేసే సాగు, అదను తప్పకుండా అందే బీమా సొమ్ము. వీటిలో ఏదీ ప్రారంభోత్సవాల శిలాఫలకాలకు పనికొచ్చేది కాదు. మబ్బు పట్టని జూన్‌లో ఊరు విడవాలా, ఆగాలా అని ఆలోచించే కుటుంబానికి మాత్రం ఆగడానికి ఒక కారణమవుతుంది.