నల్లరాళ్ల దీవిలో మన గారెలు

మారిషస్ అనగానే మనకు సినిమా పాటల్లో చూసిన నీలి సముద్రమే గుర్తొస్తుంది. కాని ఆ దీవి మొత్తం అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిందేనని మీకు తెలుసా? మా కొత్తగూడెం బొగ్గు బావుల ఊరు, నల్లరాయి నాకు కొత్తేం కాదు. అయినా కిందటేడు మా చెల్లెలు వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడి రాళ్లను చూస్తూ ఉండిపోయాను.

క్యూర్‌పిప్ అనే ఊళ్లో 'ట్రూ ఓ సెర్ఫ్' అని పెద్ద బిలం ఉంది. ఒకప్పుడు నిప్పులు కక్కిన నోరది. ఇప్పుడు లోపలంతా చెట్లే. దాని గట్టు చుట్టూ జనం హాయిగా వాకింగ్ చేస్తుంటారు! షమరెల్‌లో అయితే మట్టే ఎరుపు, ఊదా, పసుపు... రంగుల ముగ్గు పెట్టినట్టుంటుంది. లావారాయి వేల ఏళ్లకు అలా మట్టయిందట.

దారిలో చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపించాయి. "ఇవేం గుళ్లా?" అనడిగాను మా మరిదిని. "కాదొదినా, పొలం చేయడానికి కూలీలు చేతుల్తో ఏరిపోసిన రాళ్లు" అన్నాడు. 1834 నుంచి ఇంగ్లీషువాళ్లు మన దేశం నుంచి లక్షల మందిని ఒప్పందం కూలీలుగా తీసుకెళ్లారు. పోర్ట్ లూయీలో వాళ్లు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. కాకినాడ దగ్గరి కోరింగ రేవు నుంచి వెళ్లిన మనవాళ్లకు అక్కడ 'కొరింగీలు' అని పేరు పడింది. ఇప్పటికీ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా జరిగాయి.

చెల్లెలి పక్కింటి పెద్దావిడ ఆ కొరింగీల మనవరాలే. మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగులో 'అమ్మోరు' తప్ప ఇంకో మాట రాలేదు, నాకు మనసంతా అదోలా అయింది. అంతలో వేడివేడిగా 'గాతో పిమాన్' తెచ్చిపెట్టింది. కొరికి చూస్తే ఏముంది, మన శనగపప్పు గారెలే! "మా అమ్మమ్మ చేసేది" అందిట, చెల్లెలు చెప్పింది. మన భాషలో ఏమంటారని అడిగితే "గారెలు" అన్నాను. ఆవిడ రెండు మూడుసార్లు అనుకుని చూసుకుంది.

మీరూ చేయండి. శనగపప్పు రాత్రే నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి బరకగా రుబ్బండి. ఉల్లికాడలు, కొత్తిమీర, పచ్చిమిర్చి సన్నగా తరిగి ఉప్పు, కాస్త జీలకర్రతో కలపండి. గారెల్లా తట్టక్కర్లేదు, చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి మధ్యరకం మంట మీద వేయించాలి. పిండిలో నీళ్లుంటే మాత్రం నూనెలో విడిపోతాయి, జాగ్రత్త. అక్కడివాళ్లు వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున్నే తింటారు.

బజారులో 'దాల్ పూరీ' కూడా వదలకండి. బెల్లం లేని బొబ్బట్టనుకోండి! ఉడికించిన పప్పుపొడి లోపల పెట్టి పల్చగా వత్తి, రెండేసి చొప్పున చిక్కుడు గింజల కూర, టమాటా కూర, మిరప పచ్చడి వేసి కాగితంలో చుట్టిస్తారు. హోటల్ బఫేలకంటే నాకిదే నచ్చింది, ఖర్చూ తక్కువే.

ముంబై నుంచి విమానంలో సుమారు ఆరు గంటలు. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల భయం ఉంటుంది. మన ఎండాకాలం దాటాక, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చలికాలం. స్వెట్టరు పెట్టుకోవడం మరవకండి.