కనబడని హార్డ్ డిస్క్‌ను వెదకడం ఎలా?

తమ్ముళ్ళూ, రాత్రి హాజరులో ఒకడు పలకకపోతే వాడు పారిపోయాడని వెంటనే రాసేయరు. ముందు గది చూస్తారు, బాత్‌రూములు చూస్తారు, వాచ్‌మన్‌ను అడుగుతారు. కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ కనబడనప్పుడు కూడా అలాగే వెదకాలి. ఈ సంగతి మేము భయపడి నేర్చుకున్నాం.

మన హాస్టల్ వార్షికోత్సవాల ఫొటోలు, వీడియోలు, సీనియర్లు చెప్పిన పదో తరగతి లెక్కల పాఠాలు ఒకచోట ఉంచాలని మా బ్యాచ్ వాళ్ళం అనుకున్నాం. మా అద్దె గదిలోని పాత కంప్యూటర్‌కు 4 టీబీ డిస్క్ బిగించి, జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. దీన్నే మీడియా సర్వర్ అంటారు. అదే వైఫైలో ఉన్న ఫోన్లలో, టీవీలో ఆ వీడియోలు చూడవచ్చు.

ఒక ఆదివారం కంప్యూటర్ వేగం పెంచుదామని ఎం.2 రకం చిన్న ఎస్ఎస్‌డీ కొని పెట్టాం. వేగం పెరిగింది గానీ 4 టీబీ డిస్క్ మాయమైంది! ఒక షాపుకు ఫోన్ చేస్తే, చూడకుండానే "డిస్క్ పోయినట్టే, డేటా తీయాలంటే వేలల్లో అవుతుంది" అన్నారు. చనిపోయిన మన కామాటి తాత స్టేజీ మీద పాడిన పాట అందులోనే ఉంది. వేరే కాపీ లేదు. ఆ రాత్రి మాలో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

మరునాడు ఒక్కొక్క మెట్టే పరీక్షించాం. ఆ వరుస ఇది.

మొదటిది కరెంటు. ఆన్ చేసి డిస్క్ మీద మెల్లగా వేలు పెడితే తిరుగుతున్న అదురు తెలియాలి. అదురు లేకపోతే పవర్ తీగ చూడాలి. టక్ టక్ మని అదే పనిగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపేసి, డేటా తీసే నిపుణులకే ఇవ్వాలి. వేరే కంపెనీ పవర్ సప్లైతో వచ్చిన తీగలు వాడకూడదు. ప్లగ్గు సరిపోయినా లోపలి వరుస వేరైతే డిస్క్ కాలిపోతుంది. ఎక్స్‌టర్నల్ పెట్టె నుంచి ఊడదీసిన కొన్ని డిస్కులు మూడో పిన్నులో 3.3 వోల్టులు వస్తే అసలు తిరగవు. అది చెడిపోవడం కాదు.

రెండోది డేటా తీగ. సాటా డేటా తీగకు 7 పిన్నులు, పవర్ తీగకు 15 ఉంటాయి. స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు తీసి, తీగ మార్చి చూడాలి.

మూడోది బయోస్. ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే చాలా కంప్యూటర్లలో వస్తుంది. అక్కడ డిస్క్ పేరు ఉంటే లోపం చాలా వరకు సాఫ్ట్‌వేర్‌ది. లేకపోతే తీగ, పోర్టు, డిస్క్ – ఈ మూడింట్లో ఒకటి.

మా డిస్క్ తిరుగుతోంది, తీగ మార్చాం, అయినా బయోస్‌లో లేదు. అప్పుడు మదర్‌బోర్డు పుస్తకం తీశాం. ఎం.2 స్లాటులో డిస్క్ పెడితే ఒక సాటా పోర్టు పనిచేయదని చిన్న అక్షరాల్లో ఉంది. చాలా బోర్డుల్లో ఆ రెండింటికీ దారి ఒకటే. మా పాత డిస్క్ సరిగ్గా ఆ పోర్టులోనే ఉంది! పక్క పోర్టుకు మార్చగానే కనబడింది. ఖర్చు సున్నా.

నాలుగోది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. అక్షరం లేకపోవడమే కారణమైతే ఇస్తే చాలు. "ఇనిషియలైజ్", "ఫార్మాట్" అని అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కండి. డేటా ఉన్న డిస్క్ మీద ఓకే నొక్కితే ఉన్నది కాస్తా పోవచ్చు. లైనక్స్‌లో కొత్త డిస్క్ చేరితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు తారుమారు కావచ్చు. అందుకే సెట్టింగులో ఆ పేరు కాకుండా డిస్క్ యూయూఐడీ సంఖ్య రాయాలి.

ఐదోది సర్వర్. అన్నీ సరిగ్గా ఉండి వీడియో రాకపోతే, ఫోల్డర్ దారి మారిందేమో, జెల్లీఫిన్‌కు చదివే అనుమతి ఉందో లేదో చూడాలి. లైబ్రరీని తొలగించకండి.

డిస్క్ కనబడ్డాక స్మార్ట్ రిపోర్టు చూడండి. పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్క్ అలసిపోతోందని అర్థం. సీఆర్‌సీ లోపాలు పెరిగితే ఎక్కువగా తప్పు తీగదే.

అంతకంటే ముందు చేయాల్సింది కాపీ. మేము ఆ రాత్రే ఇంకో డిస్క్‌లోకి ఎక్కించాం. మూడో కాపీ ఇప్పుడు హాస్టల్ ఆఫీసు బీరువాలో ఉంది. తాత పాట కావలసినవాళ్ళు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. ఎంతమంది దగ్గర ఉంటే అంత భద్రం.