తిరిగే షాఫ్టుకు ఇనుప కడియం

శ్రీకాళహస్తి బజార్లో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ ఆడవాళ్ళు పిండి మిషనుకు పోతా ఉంటారు. రాగులు, బియ్యం, మిరపకాయలు తీసుకుపోతారు. డబ్బాలు వరుసలో పెడతారు. వంతు వచ్చేదాకా అక్కడే నిలబడి మాట్లాడుకుంటారు. మిషను హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని ఇంకొంచెం దగ్గరికి జరుగుతారు. కొన్నిసార్లు మిషనుకే దగ్గరగా జరుగుతారు.

ఆ మిషనులో ఏమేమి ఉన్నాయో ఒకసారి చూద్దాం. ఒక పక్క మోటారు ఉంది. మోటారు నుంచి బెల్టు వస్తుంది. బెల్టు ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం పేరు పుల్లీ. పుల్లీ నడుమ నుంచి గుండ్రటి ఇనుప కడ్డీ పోతుంది. ఆ కడ్డీనే షాఫ్టు అంటారు.

బండికి ఇరుసు ఎట్లాగో మిషనుకు షాఫ్టు అట్లా. అయితే ఒక తేడా ఉంది. బండి ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. మిషనులో షాఫ్టే తిరుగుతుంది. తనతోపాటు లోపలి రాయిని కూడా తిప్పుతుంది. షాఫ్టు రెండు చివరలా బేరింగులు ఉంటాయి. వాటిలో కూర్చొని షాఫ్టు నున్నగా తిరుగుతుంది.

చాలా మిషన్లలో షాఫ్టు మీద ఇంకొకటి కూడా ఉంటుంది. అది మందమైన ఇనుప కట్టు. చేతికి కడియం వేసినట్లు షాఫ్టుకు తొడిగి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కాలరు అంటారు. చొక్కా మెడపట్టీకి ఉన్న పేరే దీనికీ ఉంది. చూసేదానికి చిన్నది. కానీ దాన్ని ఎట్లా బిగించారనే దాని మీద మిషను మంచి చెడ్డా ఉంటుంది, పక్కన నిలబడిన మనిషి ప్రాణం కూడా ఉంటుంది.

కాలరు చేసే పని

స్వర్ణముఖి ఏట్లో ఇసుక తోలిన ఎద్దుల బండ్లను పెద్దవాళ్ళు చూసి ఉంటారు. బండి ఇరుసు చివర కడసీల ఉంటుంది. అది ఊడితే చక్రం జారిపోతుంది. అంత బరువు మోసే బండికి ఆధారం ఆ చిన్న సీల.

షాఫ్టుకు కూడా అట్లాంటి అడ్డు కావాలి. మిషను నడిచేటప్పుడు అదురుతుంది. బెల్టు కాస్త వంకరగా ఉంటే షాఫ్టును ఒక పక్కకు లాగుతుంది. షాఫ్టు అటూ ఇటూ జరిగితే పుల్లీ జరుగుతుంది. పుల్లీ జరిగితే బెల్టు ఊడుతుంది. లోపల రాయి పక్కనున్న ఇనుముకు రాసుకుంటుంది. అందుకే బేరింగు పక్కన కాలరు వేస్తారు. షాఫ్టు జరగబోతే కాలరు పోయి బేరింగుకు తగులుతుంది. అక్కడ ఆగుతుంది.

బియ్యం మిల్లులో, చెనక్కాయలు ఒలిచే మిషనులో, చెరుకు గానుగలో కూడా కాలర్లు కనపడతాయి. ఎక్కడైనా పని ఒక్కటే. షాఫ్టును గానీ, షాఫ్టు మీద ఉన్న చక్రాన్ని గానీ పక్కకు పోనీయదు.

బిగించే తీరు

కడియం వదులుగా ఉంటే చేతి మీద జారుతుంది. కాలరు అట్లా జారకూడదు. షాఫ్టును గట్టిగా పట్టుకోవాలి. దానికి కొన్ని పద్ధతులు ఉన్నాయి.

పాత పద్ధతి స్క్రూతో బిగించడం. కాలరుకు పక్కన ఒక రంధ్రం ఉంటుంది. రంధ్రం లోపల మరలు ఉంటాయి. అందులో స్క్రూ పెట్టి తిప్పుతారు. స్క్రూ మొన పోయి షాఫ్టును నొక్కుతుంది. దీన్ని సెట్ స్క్రూ అంటారు. కుట్టు మిషను తొక్కే అక్కలకు ఇది కొత్త సంగతి కాదు. సూదిని పట్టి ఉంచే చిన్న స్క్రూ చేసేది కూడా ఇదే పని. అది వదులయితే సూది జారుతుంది.

ఈ పద్ధతి చవక. అయితే పట్టు ఒక్క చోటే ఉంటుంది. మిషను అదిరి అదిరి స్క్రూ వదులవుతుంది. గట్టిగా బిగిస్తే స్క్రూ మొన షాఫ్టును కొరుకుతుంది. కొరికిన చోట ఇనుము ముల్లులా లేస్తుంది. తరువాత ఎప్పుడైనా కాలరు తీయాలంటే ఆ ముల్లు అడ్డం పడుతుంది. సుత్తితో కొట్టాల్సి వస్తుంది. పనితనం తెలిసిన మెకానిక్కు ముందే జాగ్రత్త పడతాడు. స్క్రూ తగిలే చోట షాఫ్టును ఆకురాయితో కొంచెం చదును చేస్తాడు. అప్పుడు స్క్రూ ఆ చదును మీద కూర్చుంటుంది. ముల్లు లేచినా కాలరుకు తగలదు. కొందరు రెండు స్క్రూలు పెడతారు. రెండోది మొదటిదానికి సరిగ్గా ఎదురుగా పెట్టకూడదు. పక్కగా పెట్టాలి. అప్పుడే షాఫ్టు రంధ్రం గోడకు ఆనుకొని గట్టిగా నిలుస్తుంది.

రెండో పద్ధతికి కాలి మెట్టెను చూడండి. మెట్టె నిండు ఉంగరం కాదు. ఒక చోట చీలి ఉంటుంది. వేలికి పెట్టి నొక్కితే చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. చీలిక కాలరు కూడా ఇంతే. కాలరుకు ఒక చోట చీలిక ఉంటుంది. చీలికకు అడ్డంగా బోల్టు ఉంటుంది. బోల్టు బిగిస్తే చీలిక మూసుకుంటుంది. కాలరు షాఫ్టును చుట్టూ పట్టుకుంటుంది. షాఫ్టుకు గాటు పడదు. తీసి వేరే చోట పెట్టుకోవచ్చు.

మర తీస్తే రెండు ముక్కలయ్యే కడియాలు ఉంటాయి కదా. అట్లాంటి కాలర్లు కూడా ఉన్నాయి. అన్నీ బిగించి ఉన్న మిషనులో పుల్లీని, బేరింగును ఊడదీయకుండానే వీటిని వేయొచ్చు. రెండు పక్కలా బోల్టులను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒక పక్కే బిగిస్తే వంకర పోతుంది.

ఇంకొకటి కమ్మరి పద్ధతి. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేది ఎంతమంది చూశారో! పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేస్తారు. నిప్పుల్లో ఎర్రగా కాలుస్తారు. కాలితే ఇనుము సాగుతుంది. వేడి మీద చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారి ముడుచుకుంటుంది. ఇక చక్రాన్ని వదలదు. పెద్ద మిషన్లలో కొన్ని కట్లను ఇట్లాగే వేడి చేసి షాఫ్టుకు ఎక్కిస్తారు. ఎర్రగా కాల్చరు, అంత వేడి అక్కరలేదు. స్క్రూ లేదు, బోల్టు లేదు. తీయాలంటే మాత్రం మళ్ళీ అంత పాటూ పడాలి. ఊరి పిండి మిషనుకు ఇది పనికిరాదు. ఊరి మిషనుకు చీలిక కాలరే మేలు. కొంచెం ఖర్చు ఎక్కువైనా సరే.

ఏ పద్ధతి అయినా కొలత కుదరాలి. అంగుళం షాఫ్టుకు అంగుళం కాలరే వేయాలి. పెద్ద కాలరు తెచ్చి సందులో రేకు ముక్క దోపితే అది ఒక పక్కకు వాలుతుంది. తిరిగేటప్పుడు అదురుతుంది. వారం తిరగకముందే వదులవుతుంది.

బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ

అసలు ప్రమాదం స్క్రూ తలలో ఉంది.

పాత కాలరుకు పెట్టిన స్క్రూ తల పలకగా, పెద్దగా ఉంటుంది. పానాతో తిప్పేదానికి వీలుగా అట్లా చేశారు. బిగించిన తరువాత కూడా ఆ తల కాలరు బయటే నిలబడి ఉంటుంది. మిషను ఆగి ఉన్నప్పుడు అది కంటికి కనపడుతుంది. షాఫ్టు తిరిగేటప్పుడు కనపడదు. నున్నటి కడియం తిరుగుతున్నట్లే ఉంటుంది. కానీ ఆ తల కొక్కెంలా తిరుగుతా ఉంటుంది. చీర కొంగు గాని, వదిలిన జడ గాని దగ్గరికి వస్తే తగులుకుంటుంది.

తగులుకుంటే ఏమవుతుంది? ఒక లెక్క వేయండి. మామూలుగా వాడే ఒక రకం మోటారు నిమిషానికి 1,440 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 24 సార్లు. అంగుళం మందం షాఫ్టు చుట్టుకొలత సుమారు 8 సెంటీమీటర్లు. ఒక్క చుట్టుకు 8 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. 24 చుట్లకు 192 సెంటీమీటర్లు. అంటే ఒక్క సెకనులో దాదాపు 2 మీటర్ల గుడ్డ పోతుంది. అయిదున్నర మీటర్ల చీర మొత్తం మూడు సెకన్లలో చుట్టుకుపోతుంది. పుల్లీ పెద్దదయితే షాఫ్టు నిదానంగా తిరుగుతుంది. ఆరు వందల సార్లు తిరిగినా ఏడు సెకన్లే. “అమ్మో” అని అరిచి, మిషను ఆయన తిరిగి చూసి, స్విచ్చి కాడికి పోయేలోపల అంతా అయిపోతుంది. స్విచ్చి ఆపినా షాఫ్టు వెంటనే నిలవదు. ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ పనిలో ఇట్లాంటి బెదురు లేదు. కలంతో, చేత్తో గీసే పని అది. షాఫ్టూ లేదు, బెల్టూ లేదు. కానీ ఆ చీర కట్టుకొని మిషను కాడికి పోతే మిషనుకు కలంకారీ అని తెలుస్తుందా?

ఈ ప్రమాదం మన దేశంలోనే పుట్టింది కాదు. అమెరికాలో, ఐరోపాలో వెనకటి మిల్లుల్లో ఒకే పొడుగాటి షాఫ్టు పైకప్పు కింద తిరిగేది. దాని నుంచి బెల్టులు దిగి అన్ని మిషన్లనూ నడిపేవి. షాఫ్టు పొడుగునా కాలర్లు, కాలర్ల మీద స్క్రూ తలలు. పనివాళ్ళ బట్టలు వాటికి తగులుకొనేవి. మనుషులను మిషను లోపలికి లాగేవి.

1910, 1911 సంవత్సరాల్లో అమెరికాలో ఇద్దరు దీనికి దారి కనుక్కున్నారు. ఒకరి పేరు విలియం అలెన్. ఇంకొకరి పేరు హోవార్డ్ హాలోవెల్. ఇద్దరూ వేరువేరుగా పని చేశారు. స్క్రూకు తల తీసేశారు. తలకు బదులు స్క్రూ లోపలే ఆరు పలకల గుంట పెట్టారు. మోకాలు మడిచినట్లు వంగిన ఆరు పలకల కడ్డీని ఆ గుంటలో పెట్టి తిప్పితే స్క్రూ బిగుస్తుంది. మొత్తం కాలరు లోపలికి దిగిపోతుంది. బయట ఏమీ మిగలదు. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది. హాలోవెల్ ఇట్లాంటి స్క్రూ ఉన్న కాలరుకు పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ వంగిన కడ్డీ ఇప్పుడు ప్రతి మెకానిక్కు పెట్టెలో ఉంటుంది. దాన్ని అలెన్ కీ అంటారు. ఆ పేరు విలియం అలెన్ పేరే.

చట్టం మాట

మన దేశంలో 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అందులో 26వ సెక్షన్ ఈ స్క్రూ గురించే చెప్పింది. కొత్తగా పెట్టే మిషన్లలో తిరిగే షాఫ్టు మీది సెట్ స్క్రూ, బోల్టు, కీ లోపలికి దిగి ఉండాలని ఆ చట్టంలో ఉండేది. లేదా వాటికి మూత ఉండాలని ఉండేది. 22వ సెక్షన్ ఇంకొక మాట చెప్పింది. దెబ్బ తగిలే ప్రమాదం ఉన్న చోట, నడిచే మిషనుకు నూనె వేయడం, తుడవడం లాంటి పనులు ఆడవాళ్ళ చేత చేయించకూడదని అందులో ఉండేది.

రాచగున్నేరిలో ఇనుప పైపుల ఫ్యాక్టరీ ఉంది. అంత పెద్ద చోటుకు ఇట్లాంటి చట్టం వర్తిస్తుంది. ఊర్లో పిండి మిషనుకో? 1948 చట్టం ప్రకారం కరెంటుతో పని జరిగే చోట కనీసం పదిమంది పనివాళ్ళు ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్‌లో ఆ పదిని ఇరవై చేశారు. పిండి మిషనులో ఉండేది ఒకరో ఇద్దరో. చట్టం గడప దాటి అంత లోపలికి రాదు. అక్కడ చూసుకోవాల్సింది మిషను ఆయన, మిషనుకు పోయే ఆడవాళ్ళు.

మిషను కాడ ఏమి చూడాలి

మిషను ఆగి ఉన్నప్పుడు షాఫ్టు వైపు చూడండి. కాలరు మీద స్క్రూ తల బయటికి ఉందా? ఉంటే మిషను ఆయనకు చెప్పండి. అదే మర ఉన్న, తల లేని స్క్రూ దొరుకుతుంది. దాని ఖర్చు కొంచెమే. మార్చేదానికి ఎక్కువ సేపు పట్టదు.

స్క్రూ లోపలికి దిగితే భయం పూర్తిగా పోయిందని కాదు. నున్నటి షాఫ్టు కూడా గుడ్డను చుట్టేసుకోగలదు. కాబట్టి షాఫ్టుకు, బెల్టుకు రేకు గానీ జాలీ గానీ అడ్డం కట్టించాలి. కొంగు నడుముకు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. పిల్లలను ఆ పక్కకు రానీయకూడదు. స్విచ్చి ఎక్కడుందో వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

కాలరు బిగించే పని మాత్రం కరెంటు తీసేసిన తరువాతే చేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి. షాఫ్టు తుప్పును గరుకు కాగితంతో తీయాలి. నూనె మరకను తుడవాలి. జిడ్డు ఉంటే పట్టు తక్కువ. కాలరును బేరింగుకు పూర్తిగా ఆనించకూడదు. మందపాటి కాగితం పట్టేంత సందు ఉంచాలి. ఆనిస్తే రాసుకొని వేడెక్కుతుంది. బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఆ తరువాతే ఫ్యూజు పెట్టాలి. ఒక రోజు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి.

కాలరు వదులయితే కొన్ని గుర్తులు కనపడతాయి. టకటకమని శబ్దం వస్తుంది. కాలరు అంచున కుంకుమ లాంటి ఎర్రటి పొడి రాలుతుంది. అది ఇనుము రాసుకొని రాలిన తుప్పు పొడి. ఇంకొక సులువైన గుర్తు ఉంది. మిషను ఆపి, ఫ్యూజు తీసి, కాలరు మీది నుంచి షాఫ్టు మీదికి రంగుతో ఒక గీత గీసి ఉంచాలి. మరుసటి వారం మిషను ఆపినప్పుడు చూడాలి. గీత ఒకే వరుసలో ఉంటే కాలరు తిరగలేదు. గీత విరిగి రెండు ముక్కలుగా కనపడితే కాలరు వదులయింది. ఆ రోజు రాగుల డబ్బా ఇంటికి తీసుకుపోయి, బిగించిన తరువాత తెచ్చుకోవచ్చు.