రామకోటి: రోజుకో పుట

రామకోటి అంటే శ్రీరామ నామాన్ని కోటిసార్లు చేత్తో రాయడం. గళ్లు అచ్చువేసిన పుస్తకాలు పూజాసామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. గడికో నామం చొప్పున నింపుకుంటూ పోవాలి. పురోహితుడు, ముహూర్తం, పెద్ద ఖర్చు ఏవీ అక్కర్లేదు. పుస్తకం, కలం, కాసేపు కుదురుగా కూర్చునే ఓపిక ఉంటే చాలు. భక్తిని నిత్యసాధనగా అలవరచుకోదలచిన వారికి ఇంత సులువైన దారి మరొకటి ఉండడం అరుదు.

భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన నవవిధ భక్తిలో స్మరణం ఒకటి. నామజపం ఆ కోవలోనిదే. పైకి వినబడేలా చేస్తే వాచికం, పెదవులు మాత్రమే కదిలితే ఉపాంశువు, మనసులోనే సాగితే మానసికం. రాస్తూ చేసేది లిఖిత జపం. ఋషీకేశ్‌లో ఆశ్రమం స్థాపించిన స్వామి శివానంద దీన్ని గట్టిగా ప్రోత్సహించారు. మాల తిప్పుతూ ఉంటే వేళ్లు తమ దారిన తాము పూసలు జరుపుతాయి, మనసు బజారు చుట్టి వస్తుంది. రాసేటప్పుడు కన్ను, చెయ్యి, మనసు ఒక్కచోటే ఉండాలి కనుక మనసు అలా తిరిగిరావడం అంత తేలిక కాదు.

అయినా మనసు జారుతూనే ఉంటుంది. ఆ సంగతి పుటే పట్టిస్తుంది. శకారానికి గుడిదీర్ఘం పెట్టి, కింద క్రావడి చుట్టి, ‘రామ’ పూర్తిచేయడానికి మొదటి వరుసల్లో ఉన్న శ్రద్ధ పుట చివర ఉండదు. తొందర పెరిగేకొద్దీ క్రావడి చిన్న గీతగా మిగులుతుంది, ‘మ’ కొమ్ము పోగొట్టుకుని ‘వ’లా కనిపిస్తుంది. అలాంటప్పుడు గబగబా పుట ముగించడం కన్నా కలం ఆపి, నామాన్ని లోపల ఒకసారి పలికి, మళ్లీ నిదానంగా మొదలుపెట్టడం మేలు.

కోటి సంఖ్యను చూసి వెనకడుగు వేసేవారు చాలామంది. లెక్క వేస్తే ఆ జంకు సహజమే అనిపిస్తుంది. రోజుకు 1,000 నామాలు రాస్తే 27 ఏళ్లకు పైగా పడుతుంది. నామానికి నాలుగైదు సెకన్లు అనుకున్నా అది గంటకు మించిన పని. రోజుకు 108 చొప్పున అయితే 250 ఏళ్లు దాటుతుంది, ఒక జన్మ చాలదు. అందుకే కొందరు లక్షతో సంకల్పం చెప్పుకుంటారు, కొన్ని ఇళ్లలో అందరూ కలిసి రాస్తారు. పెద్దవాళ్లు సగంలో వదిలి వెళ్లిన పుస్తకాలను పిల్లలు పూర్తిచేయడమూ ఉంది. నిజానికి ఆ పెద్ద అంకె మనిషిని రోజూ పుస్తకం ముందు కూర్చోబెట్టడానికే పనికొస్తుంది. సాధకుడికి అసలు ఫలం ఆ కూర్చోవడమే.

కాబట్టి మొదట్లో అరపుట చాలు. స్నానం చేసి, దీపం పెట్టి, ఒకే చోట, ఒకే వేళకు రాయడం మంచిది. ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్లలో ఉదయం కుదరకపోతే రాత్రి భోజనానికి ముందు రాసుకోవచ్చు. సాధన నిలబడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేయాలని పతంజలి యోగసూత్రాలు చెబుతున్నాయి. చిత్తాన్ని తనలో స్థిరంగా నిలపలేని వాడు అభ్యాసంతో ప్రయత్నించాలని గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. మనసు నిలిచాకే మొదలుపెడదాం అనుకునేవారికి ఇది ఎంత ఊరట! జ్వరం, ప్రయాణం, పురుడు, మైల వంటి కారణాలతో సాధన తప్పితే, ఎగ్గొట్టిన పుటలన్నీ ఒక్క రోజే రాసి బాకీ తీర్చుకోవాలని చూడకూడదు. అలా చేస్తే చెయ్యి నొప్పి, మనసుకు విసుగు. మర్నాడు మామూలు పుట రాస్తే సరిపోతుంది.

నిండిన పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి భద్రాచలం వంటి రామక్షేత్రాల్లో సమర్పించడం ఆనవాయితీ. శివకోటి, సాయికోటి రాసేవారూ ఉన్నారు.

చాలా ఇళ్లలో రామకోటిని రిటైరైన వారి కాలక్షేపంగా చూస్తారు. అది సరికాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2023లో ప్రకటించిన గోవింద కోటి 25 ఏళ్ల లోపు వారి కోసమే. గోవింద నామాన్ని కోటిసార్లు రాసిన వారికి కుటుంబంతో సహా బ్రేక్ దర్శనం కల్పిస్తామన్నది ఆ పథకం. దర్శనం మీది ఆశతోనే కలం పట్టినా తప్పేమీ లేదు, రోజూ కూర్చోవడం ఆ వయసులోనే అలవాటవుతుంది.